జారిపోతున్న ఇయర్‌బడ్స్: పెద్ద సైజు కొనే ముందు కడిగి చూడండి

గత వేసవిలో నా కుడిచెవి ఇయర్‌బడ్ నన్ను బాగా విసిగించింది. సాయంత్రం వేళ బందరు కాలువ గట్టున నాలుగడుగులు వేసేసరికి అది వదులయ్యేది. వేలితో లోపలికి నొక్కితే మరో పది అడుగుల దాకా ఆగి మళ్లీ జారేది. ఒకరోజు చెవిలోంచి పూర్తిగా ఊడి, గట్టు మీది రాయికి తగిలి ఎగిరి, నీళ్లకు జానెడు దూరంలో గడ్డిలో ఆగింది. ఏడాది పాటు పరుగెత్తినా కదలని బడ్ ఇప్పుడెందుకు జారుతోందని ఆలోచించకుండా, తప్పంతా సైజుదేనని తీర్మానించుకొని పెద్ద సైజు సిలికాన్ టిప్‌లు, అంటే బడ్ మూతికి తొడిగే మెత్తని తొడుగులు, తెప్పించాను. అవి రెండు రోజులు గట్టిగానే నిలిచాయి, మూడో రోజుకు చెవి నొప్పి మొదలైంది. పాత టిప్‌లను మళ్లీ చేతిలోకి తీసుకొని, ఒకదాన్ని గాలికి గొడుగు తిరగబడినట్టు వెనక్కి మడిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. పైకి శుభ్రంగానే కనిపిస్తున్న ఆ టిప్ లోపలి అంచు చుట్టూ తేనెరంగు గులిమి పేరుకొని ఉంది. బయటి ముఖం మీద వేలితో రాస్తే జిడ్డు తగిలింది. కడిగి, ఆరబెట్టి, తొడిగితే పాత పట్టు తిరిగి వచ్చింది.

ఇయర్‌బడ్ చెవిలో నిలబడటానికి రెండు కారణాలున్నాయి. టిప్ తాలూకు మెత్తని గొడుగు చెవి నాళం గోడలను అన్ని వైపులా ఒకేలా ఒత్తడం ఒకటి, సిలికానుకూ చర్మానికీ మధ్య ఉండే రాపిడి రెండోది. కొత్త టిప్‌ను రెండు వేళ్ల మధ్య రుద్దితే వేలికి కొద్దిగా పట్టినట్టుంటుంది. చెవిలో పనిచేసేదీ ఆ పట్టే. గులిమిలోని మైనం, చర్మం విడిచే నూనె, చెమట, వాటి మీద వాలిన దుమ్ము కలిసి సన్నని పొరగా ఏర్పడితే ఆ రాపిడి పోతుంది. మనవైపు దీనికి కొబ్బరినూనె కూడా తోడవుతుంది: తలకు రాసుకున్నది చెవి వెనుకకూ, అక్కడి నుంచి వేళ్లకూ, వేళ్ల నుంచి బడ్‌కూ చేరుతుంది. మాట్లాడుతున్నప్పుడూ నములుతున్నప్పుడూ దవడతోపాటు చెవి నాళం ఆకారం కూడా కొంచెం మారుతూ ఉంటుంది కాబట్టి, జిడ్డు పట్టిన టిప్ ఆ కదలికకు వెంట్రుకవాసి చొప్పున బయటికి జరుగుతూ వస్తుంది. ఫోన్‌లో ఎక్కువసేపు మాట్లాడేవాళ్లకే ఈ బాధ ముందుగా తెలిసివస్తుంది.

లోపం కొలతలో ఉందా మురికిలో ఉందా అన్నది తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. కొన్న మొదటి రోజు నుంచీ జారుతుంటే సైజు సరిపోలేదని అర్థం. నెలల తరబడి నిలిచి ఈమధ్యే జారుతుంటే ముందు కడిగి చూడాలి. ఒక చెవిలోనే జారుతున్నప్పుడు రెండు టిప్‌లనూ అటూ ఇటూ మార్చి ఒక పూట వాడాలి: జారుడు టిప్‌తోపాటు రెండో చెవికి వెళ్లిందంటే తప్పు టిప్‌ది, ఆ చెవిలోనే ఉండిపోయిందంటే తప్పు కొలతది. మనిషి రెండు చెవుల నాళాలూ ఒకే కొలతలో ఉండాలన్న నియమం ఏమీ లేదు. కుడికి మీడియం, ఎడమకు స్మాల్ వాడేవాళ్లు ఎందరో ఉన్నారు.

పనిలోకి దిగే ముందు మాటల దగ్గర ఒక చిక్కు తీర్చుకోవాలి. మన ఇళ్లలో చాలాకాలంగా ఇయర్ బడ్స్ అంటే రెండు కొసలా దూది చుట్టిన పుల్లలే. ఇప్పుడు అదే పేరు పాటలు వినే పరికరానికి వచ్చి చేరింది. ఇయర్‌బడ్స్‌ను ఇయర్ బడ్స్‌తో తుడవాలని చెబితే మా అమ్మ నా ముఖం వంక ఒకసారి చూసి నవ్వేసింది. అందుకని ఇక్కడ పరికరాన్ని ఇయర్‌బడ్ అనీ, పుల్లను దూదిపుల్ల అనీ రాస్తున్నాను.

కావలసిన సామాను తక్కువే. కళ్లజోడు తుడుచుకునే మెత్తని గుడ్డ, పిల్లలు వాడే మెత్తని కుచ్చు ఉన్న కొత్త టూత్‌బ్రష్, నాలుగు దూదిపుల్లలు, చిన్న గిన్నె, అంచున్న స్టీలు పళ్లెం ఉంటే సరిపోతుంది. వీటికి తోడు మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా ఒకటి ఉంటే మంచిది. నీళ్ల విషయంలో మాత్రం శ్రద్ధ అవసరం. బోరు నీళ్లలో కడిగిన గాజు గ్లాసు ఆరాక దాని మీద తెల్లని చారలు పడటం మనం రోజూ చూసేదే. అలాంటి ఉప్పే టిప్ మీదా మిగిలి ఆ నునుపును గరుకు చేస్తుంది. టిప్‌లు కడగడానికి తాగే క్యాన్ నీళ్లు చాలు. హ్యాండ్ శానిటైజర్ జెల్ వాడకూడదు, ఎందుకంటే అందులో కలిపే గ్లిజరిన్ వంటివి ఆరాక కూడా పొరగా మిగిలిపోతాయి. గోళ్లరంగు తుడిచే ద్రవంలో ఎసిటోన్ ఉంటే అది ప్లాస్టిక్ పైపొరనే కరిగిస్తుంది. థిన్నర్, పెట్రోలు సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

మొదట ఫోన్‌లో బ్లూటూత్ ఆపేయాలి. ఇది చిన్న విషయమే అయినా, బడ్‌ను తుడుస్తుండగా టచ్ తగిలి చివరిసారి మాట్లాడినవారికి ఫోన్ వెళ్లిపోవడం నాకు రెండుసార్లు జరిగింది, అందులో ఒకటి రాత్రి పదకొండింటికి. ఆ తరువాత పళ్లెం మీదే చేతులు ఉంచి టిప్‌లు ఊడదీయాలి, ఎందుకంటే జారిపడిన టిప్ నేలమీద ఏ మూలకు దొర్లుతుందో చెప్పలేం. ఒక చేత్తో బడ్‌ను పట్టుకొని, మరో చేతి బొటనవేలూ చూపుడువేలూ టిప్ మొదట్లో, అంటే గొడుగు పిడి ఉండే చోట పట్టించి, మెల్లగా తిప్పుతూ లాగాలి. పలుచని అంచు పట్టుకొని లాగితే అది చిరిగేది అక్కడే. కొన్నింటిలో, ఆపిల్ కంపెనీ ఎయిర్‌పాడ్స్ ప్రోలో లాగా, టిప్ లోపల ఒక గట్టి వలయం ఉండి టిక్‌మని ఊడి వస్తుంది. అక్కడ కాస్త బలం పెట్టక తప్పదు, భయపడనవసరం లేదు. ఊడదీసినవి కుడివి కుడివైపు, ఎడమవి ఎడమవైపు పెట్టుకోవాలి.

టిప్‌లను గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు నాననివ్వాలి. గులిమి మైనం వంటిది కాబట్టి వేడికి మెత్తబడుతుంది, కానీ మరిగే నీళ్లు అక్కర్లేదు. నానిన టిప్‌ను తీసి, గొడుగును పూర్తిగా వెనక్కి తిరగేసి, లోపలి మడతలో తడి బ్రష్‌తో చుట్టూ తిప్పాలి. జిడ్డంతా ఉండేది ఆ మడతలోనే, చాలామంది వదిలేసేదీ ఆ మడతనే. తరువాత నడిమి గొట్టంలోకి దూదిపుల్లను దూర్చి ఒక చుట్టు తిప్పి తీస్తే దూది గోధుమరంగుకు తిరిగి వస్తుంది. రెండో పుల్ల తెల్లగా వచ్చేదాకా ఇదే పని. చివరగా గొడుగును మామూలుగా తిప్పి, బయటి ముఖాన్ని వేళ్ల మధ్య రుద్దాలి. జిడ్డు ఉన్నంతవరకు వేళ్లు సర్రున జారతాయి, జిడ్డు పోయాక సిలికాన్ వేలిని పట్టుకొని కీచుమంటుంది. కడగడం పూర్తయిందో లేదో చెప్పడానికి ఇంతకు మించిన పరీక్ష నాకు తెలియదు.

సబ్బు వాడవచ్చా అంటే తయారీదారులందరి మాటా ఒకటి కాదు. తన టిప్‌లకు నీళ్లు చాలనీ, సబ్బూ ఇంట్లో వాడే ఇతర క్లీనర్లూ వద్దనీ ఆపిల్ చెబుతుంది. ఎయిర్‌పాడ్స్ ప్రో టిప్‌ల లోపల ఒక పలుచని జాలీ ఉంటుంది కాబట్టి సబ్బు అందులో చిక్కుకుంటే పూర్తిగా వదలదని నా ఊహ. జాలీ లేని మామూలు సిలికాన్ టిప్‌లకు మాత్రం గిన్నెడు నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేసి కడిగి, మూడుసార్లు మంచినీళ్లలో జాడిస్తే నష్టం ఏమీ జరగలేదు. కొబ్బరినూనె అంటిన టిప్‌కు నీళ్లొక్కటే చాలదని అనుభవం మీద చెబుతున్నాను. మీ బడ్‌తో వచ్చిన కాగితంలో సబ్బు వద్దని ఉంటే ఆ మాటే వినండి.

అసలు పని ఆరబెట్టడంలోనే ఉంది. కడిగిన టిప్‌ను గుడ్డ మీద తట్టి, గొడుగు అంచు కిందికి వచ్చేలా బోర్లించి, ఫ్యాన్ గాలికి కనీసం రెండు మూడు గంటలు వదిలేయాలి. వానాకాలంలోనైతే రాత్రంతా ఉంచడమే మేలు. తడి మిగిలిన టిప్‌ను తొడిగితే ఆ చెమ్మ నేరుగా స్పీకర్ జాలీని తాకుతుంది, ధ్వని మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. పైగా తేమ నిలిచిన చెవిలో ఫంగస్ పెరగడానికి మన ఉక్కపోత వాతావరణం బాగా అనువైనది. హెయిర్ డ్రయ్యర్ వేడీ, మిద్దె మీది ఎండా రెండూ వద్దు. తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మనకు ఉంది గానీ, బడ్‌ను అలా పెడితే తేమ పోవడం సంగతి దేవుడెరుగు, బియ్యపు పొడి మాత్రం రంధ్రాల్లోకి చేరుతుంది.

ఫోమ్ టిప్‌లకు ఇదేదీ వర్తించదు. అవి నొక్కితే అణిగి, చెవిలో మెల్లగా విచ్చుకొని నిలిచే స్పాంజి రకం. నీళ్లు పీల్చుకుంటే ఆరడానికి ఎంతో సమయం పడుతుంది, ఆల్కహాల్ తగిలితే పాడవుతాయి. తడి గుడ్డతో పైపైన ఒత్తి తుడవడం వరకే చేయాలి, నొక్కిన తరువాత మళ్లీ విచ్చుకోవడం మానేస్తే కొత్తవి వేసుకోవాలి.

ఇక టిప్ ఊడదీశాక బయటపడే మూతి దగ్గరకు వద్దాం. ఆ మూతికి కప్పిన సన్నని జాలీ వెనుకే స్పీకర్ ఉంటుంది. చెవి దురదపెడితే పిన్నీసో అగ్గిపుల్లో వెతుక్కునే అలవాటు ఉన్నవాళ్లకు ఈ జాలీలో ఇరుక్కున్న గులిమి కనబడగానే చేయి పిన్నీసు వైపే పోతుంది. నా మొదటి జత బడ్స్‌ను నేను పాడుచేసింది అలాగే. ఒక కన్ను మూసుకొని, పిన్నీసు మొనతో ఒక్కొక్క గులిమి నలుసునూ గిల్లుతున్నాను; మూడో నలుసు దగ్గర జాలీ ఒక మూల లోపలికి కుంగింది, దాన్ని పైకి లేపబోతే అంటించిన చోటి నుంచి మొత్తంగా ఊడి వచ్చింది. ఆ తరువాత ఆ బడ్ పాట పాడితే పాత రేడియో గరగరే వినిపించింది. సర్వీస్ సెంటర్‌వాళ్లు ఇది బాగుచేసేది కాదు, కొత్తది కొనుక్కోవాల్సిందే అన్నారు. వారంటీలో రాదని కూడా చెప్పారు. అప్పటి నుంచి ఆ పనికి సూది, పిన్నీసు, టూత్‌పిక్ ఏదీ ముట్టుకోలేదు.

జాలీని శుభ్రం చేసేటప్పుడు బడ్ మూతి ఎప్పుడూ నేలవైపే చూడాలి. పైకి చూసేలా పట్టుకొని రుద్దితే మురికి బయటికి రాదు, ఇంకా లోపలికి దిగుతుంది. మూతిని కిందికి వంచి, పొడి బ్రష్‌తో కింది నుంచి మెల్లగా ఊడ్చి, అరచేతి మీద రెండుసార్లు తట్టాలి. మిగిలినదాన్ని పొడి దూదిపుల్లతో తుడవాలి. గులిమి అందరిలోనూ ఒకే తీరుగా ఉండదు; ఏబీసీసీ11 అనే జన్యువును బట్టి అది కొందరిలో జిగటగా, కొందరిలో పొట్టులా పొడిగా ఉంటుంది, మన దేశంలో రెండు రకాలవారూ ఉన్నారు. పొడి గులిమి బ్రష్ తగలగానే రాలిపోతుంది. జిగట గులిమికి పొడి బ్రష్ చాలకపోవచ్చు, అలాంటప్పుడే మైసెల్లార్ వాటర్ ఉపయోగపడుతుంది.

మేకప్ తుడుచుకోవడానికి వాడే ఈ ద్రవాన్ని ఎయిర్‌పాడ్స్ ప్రో, ఎయిర్‌పాడ్స్ 3 వంటి మోడళ్ల జాలీల కోసం ఆపిల్ స్వయంగా సూచించింది. పిల్లల టూత్‌బ్రష్‌ను అందులో ముంచి, జాలీ మీద 15 సెకన్ల పాటు గుండ్రంగా తిప్పి, బడ్‌ను బోర్లించి కాగితపు రుమాలు మీద అద్దాలి. ఇలా మూడుసార్లు చేశాక, బ్రష్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి అదే పని మళ్లీ చేస్తే ద్రవం తాలూకు శేషం పోతుంది. తరువాత కనీసం రెండు గంటలు ఆరనిచ్చాకే బడ్‌ను కేస్‌లో పెట్టాలి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ దుకాణాల్లో సీలు వేసిన సీసాల్లో దొరుకుతుంది. అదే అరలో యాసిడ్ కూడా ఉంటుంది కాబట్టి సీసా మీది అక్షరాలు ఒకటికి రెండుసార్లు చదివి తీసుకోవాలి. మీ బడ్ వేరే కంపెనీదైతే, తడి బ్రష్ వాడవచ్చని దాని తయారీదారు చెప్పనంతవరకు పొడి బ్రష్‌తోనే ఆగడం క్షేమం.

పెట్టె మీద ఐపీఎక్స్4 అని ఉంది కదా, కుళాయి కింద పెడితే ఏమవుతుందని కొందరు అడుగుతారు. ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచి చిందే నీళ్లకు తట్టుకుంటుందని మాత్రమే అర్థం. మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకునే ఐపీఎక్స్7 రకమైనా ఆ పరీక్ష జరిగేది కొత్త బడ్‌కు, మంచినీళ్లలో. సబ్బునీళ్లకూ, రెండేళ్లు చెమటలో నానిన సీళ్లకూ ఆ హామీ వర్తించదు. బడ్ ఒంటిని కొద్దిగా తడిపిన గుడ్డతోనో, ఆల్కహాల్ చుక్క వేసిన గుడ్డతోనో తుడిస్తే చాలు, జాలీలకూ మైకు రంధ్రాలకూ ఆ తడి తగలకూడదు. టిప్ కూర్చునే గాడిని మాత్రం దూదిపుల్లతో చుట్టూ తుడవాలి, ఎందుకంటే అక్కడ గులిమి గట్టిపడితే టిప్ చివరిదాకా దిగదు, సగం దిగిన టిప్ ఏదో ఒకరోజు బడ్‌తో పాటు రాకుండా చెవిలోనే ఉండిపోతుంది.

బడ్‌లను ఇంత శుభ్రం చేసి మళ్లీ మురికి కేస్‌లో పెట్టడం కాలు కడుక్కొని అడుసు తొక్కడమే. కేస్ లోపలి గుంతల్లో జేబు నూలు, దుమ్ము, ఎండిన గులిమి కలిసి చేరతాయి. అవే టిప్ అంచుకు మళ్లీ అంటుతాయి. కేస్‌ను బోర్లించి తట్టి, పొడి బ్రష్‌తో ఊడ్చి, గుంత అడుగున మెరిసే చార్జింగ్ పిన్నులను పొడి దూదిపుల్లతో తుడవాలి. ఒక బడ్ నిండుగా చార్జ్ అయి రెండోది సగంలో ఆగిపోతుంటే ముందు చూడాల్సింది ఆ పిన్నులనూ, బడ్ మీద వాటికి ఎదురుగా ఉండే లోహపు చుక్కలనూ. చెమటలోని ఉప్పు వల్ల వాటి మీద పచ్చని మచ్చ కనిపిస్తే దూదిపుల్లకు ఆల్కహాల్ తడి పెట్టి తుడిచి, బాగా ఆరనివ్వాలి. చాలా కేస్‌లకు నీటి రక్షణ ఉండదు కాబట్టి అందులోకి నీళ్లు పోయే పని ఏదీ చేయకూడదు.

చెవి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గులిమి రోగం కాదు. దుమ్మును పట్టి ఆపే రక్షణ అది, దవడ కదలికతో తనంతట తానే బయటికి వస్తుంది. గంటల తరబడి బడ్ పెట్టుకుంటే ఆ దారి మూసుకుంటుంది, దూదిపుల్ల లోపలికి దూర్చితే వచ్చేది కూడా వెనక్కి పోతుంది. తలస్నానం తరువాత చెవి వెలుపలి గుంతను తుండు కొసతో తుడుచుకొని, పూర్తిగా ఆరాకే బడ్ పెట్టుకోవాలి. చెవి మూసుకుపోయినట్టున్నా, నొప్పి ఉన్నా, చీము కారుతున్నా బడ్‌లు పక్కన పెట్టి చెవి డాక్టరుకు చూపించుకోవాలి.

అన్నీ ఆరాక తొడిగేటప్పుడు టిప్ గాడిలోకి పూర్తిగా దిగిందో లేదో చుట్టూ వేలితో తడిమి చూడాలి. పెట్టుకునేటప్పుడు ఎదుటి చేత్తో చెవి పైభాగాన్ని కాస్త వెనక్కీ పైకీ లాగితే నాళం నిటారుగా అవుతుంది. బడ్‌ను లోపలికి పెట్టి, వెనక్కి కొద్దిగా తిప్పి, చెవిని వదిలేయాలి. తరువాత తల అటూ ఇటూ ఊపి, నోరు రెండు మూడుసార్లు బాగా తెరిచి మూసి చూడాలి. పట్టు సరిగా కుదిరిందనడానికి మరో గుర్తు డప్పు, తబలా మోతలు నిండుగా వినిపించడం. టిప్ వదులైతే మొదట పోయేది ఆ బరువైన ధ్వనే, దాన్ని పూడ్చడానికి మనం వాల్యూమ్ పెంచుతాం. పెద్దలు 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు; వదులు టిప్‌తో బస్సులో పాటలు వినేవాళ్లు తమకు తెలియకుండానే ఆ హద్దు దాటవచ్చు.

ఎన్నాళ్లకు ఒకసారి అంటే అది చెమటను బట్టి ఉంటుంది. నడకకో జిమ్‌కో వాడినరోజు కేస్‌లో పెట్టే ముందు పొడి గుడ్డతో తుడవాలి, తడి టిప్‌ను మూత కింద బంధించకూడదు. టిప్‌లు ఊడదీసి కడగడం వేసవిలో వారానికోసారి, మిగతా కాలంలో పదిహేను రోజులకోసారి నేను చేస్తాను. జాలీని నెలకోసారి చూస్తే సరిపోతుంది. మాటిమాటికీ రుద్దడం వల్ల దానికి మేలేమీ లేదు.

ఎంత కడిగినా కీచుమనని టిప్, అంచు అలలుగా ముడతపడిన టిప్, తెల్లగా ఉండాల్సింది పసుపుకు తిరిగి గట్టిపడిన టిప్ ఇక పనికిరానట్టే. కొత్తవి కొనేటప్పుడు స్మాల్, మీడియం, లార్జ్ అన్న మాట ఒక్కటి చూస్తే చాలదు, బడ్ మూతి గుండ్రంగా ఉందా కోడిగుడ్డు ఆకారంలో ఉందా అన్నదీ, టిప్ పొడవూ చూడాలి. పొడవు రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే చెవిలో హాయిగానే ఉంటుంది గానీ కేస్ మూత సరిగా పడదు. మూత పడకపోతే బడ్ పిన్నులకు ఆనదు, ఉదయం లేచి చూసేసరికి చార్జింగ్ ఉండదు. కాబట్టి తొడగగానే చెవిలో కన్నా ముందు కేస్‌లో పెట్టి మూత వేసి చూడాలి.